వానాకాలం ఎపిసోడ్: పిండి ఎక్కడ?

అమ్మడు: రికార్డవుతోంది మాస్టారూ. ఫ్యాన్ ఆపేశారా?

మాస్టారు: ఆపేశాను. గోడ గడియారం కూడా పక్క గదిలో పెట్టొచ్చాను.

అమ్మడు: అందరికీ నమస్కారం. ఇవాళ మన ఫొటోల కార్యక్రమంలో వానాకాలం ఎపిసోడ్. కెమెరాను తడవకుండా ఎలా కాపాడుకోవాలి, లెన్సులో ఫంగస్ రాకుండా ఏం చెయ్యాలి, మబ్బు పట్టినప్పుడు వెలుగును ఎలా వాడుకోవాలి, ఇవన్నీ మాట్లాడుకుందాం.

మాస్టారు: మాట్లాడుకుందాం. కానీ ముందు ఇంకో సంగతి మాట్లాడాలి.

అమ్మడు: బేసినే కదా.

మాస్టారు: బేసినే. రెండు వారాలుగా నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

అమ్మడు: ఫోనులో మన ఫొటోల గ్రూపులో లేనివాళ్ళు కూడా వింటున్నారు కాబట్టి కాస్త చెప్తాను. మన రావులపాలెం కుర్రాడు ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు తీసే ఆవిడ ఫొటో తెచ్చాడు. శుక్రవారం "ఒక్క ఫొటో" శీర్షిక కింద గ్రూపులో పెట్టాడు. చూసినవాళ్ళు మర్చిపోరు. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, కుడి మూల ఒక నీలం బేసిను. ఆవిడ తడిగుడ్డను రెండు చేతులతో పట్టుకుని కుండ మీద నుంచి లాగేస్తోంది. గుడ్డ అప్పుడే గాలిలోకి లేచింది, వెనకాల కుండ మీద రేకు అంచు తెల్లగా విచ్చుకుంటోంది.

మాస్టారు: షట్టర్ తెరిచి ఉన్నది సెకనులో ముప్పయ్యో వంతు. అందుకే గుడ్డ కదిలిపోయి పొగలా వచ్చింది, మొహం మాత్రం నిలిచింది. ఇద్దరు ముగ్గురు షేకయిందన్నారు. కాదు. రేకు పడటానికి పట్టేది ఒక్క క్షణం. ఆ క్షణం ఎంత పొడుగో ఆ గుడ్డ కదలికలోనే తెలుస్తుంది. వెయ్యో వంతులో తీస్తే గుడ్డ చెక్కలా బిగుసుకుపోయేది.

అమ్మడు: ఆ మాటే మీరు అక్కడ రాయాల్సింది.

మాస్టారు: రాయలేదు. నేను రాసింది ఒక్క ముక్క. "కుడి మూల నీలం బేసిను తీసెయ్యి, కన్ను అక్కడికే పోతోంది." బస్సులో నిలబడి, ఫోనులో, అరచేతిలో సగం ఉన్న బొమ్మ చూసి రాశాను. ప్రింటు తీయించి చూస్తే ఆ మాట రాసేవాణ్ణే కాదు.

అమ్మడు: వచ్చేసింది ప్రింటు.

మాస్టారు: వస్తుంది మరి. అరచేతి బొమ్మలో కన్ను ముందు రంగు మీదే పడుతుంది. ఎనిమిది పన్నెండు సైజులో ఎదురుగా పెట్టుకుంటే మనిషిని చూస్తాం, చేతిని చూస్తాం, చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తాం.

అమ్మడు: సరే, తర్వాత ఏమైందో చెప్పండి.

మాస్టారు: ఆ రాత్రే చెరిపేశాడు. ఫోనులో వేలితో రుద్దితే పోయింది. బేసిను ఉన్నచోట మట్టినేల వచ్చింది. మళ్ళీ పెట్టాడు. అందరూ సూపర్, కేక, అదిరింది. నేను కూడా చప్పట్లు కొట్టాను. మూడు రోజుల తర్వాత కొత్తపేట పిన్నిగారు వచ్చి రెండే మాటలు రాశారు.

అమ్మడు: "పిండి ఎక్కడ?"

మాస్టారు: పిండి ఎక్కడ. ఆవిడ ఆ పని చూస్తూ పెరిగిన మనిషి. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్ళలా పల్చగా చేసి ఆ బేసినులో పోసుకుంటారు. గుడ్డ ముంచేది అందులోనే. బేసిను లేకపోతే ఆ తల్లి చేతిలో తడిగుడ్డ ఎందుకుంది? ఫొటోలో సగం పని అక్కడే ఉంది. నేను దాన్ని చెత్త అన్నాను.

అమ్మడు: చెత్త అనలేదు.

మాస్టారు: తీసెయ్యమంటే చెత్తనేగా. వాడు రెండు ఫొటోలూ తీసేశాడు. పదిహేను రోజులైంది, పలుకు లేదు. అందుకే చెప్తున్నా, ఇక మీదట చెరపడం అనేదే వద్దు. ఫ్రేములో ఏముంటే అదే. నచ్చకపోతే ఒక అడుగు పక్కకు జరిగి తీసుకో.

అమ్మడు: దీనికి మాత్రం నేను ఒప్పుకోను. మీరు ఆ చివర నుంచి ఈ చివరకు దూకేశారు. గోపురం మీద కరెంటు తీగ పడితే నేను చెరిపేస్తాను, ఇవాళ కూడా చెరుపుతాను.

మాస్టారు: ఆ తీగ ఊరిది. ఆ ఊరికి కరెంటు వచ్చిందని చెప్పేది ఆ తీగే.

అమ్మడు: ఆ ఊరి చరిత్ర రాయడానికి నేను వెళ్ళలేదు. పొద్దున ఆరు గంటలకు ఆ ఎండ గోపురం మీద పడితే నా గుండె ఎలా కొట్టుకుందో అది చూపించడానికి వెళ్ళాను. అసలు మీరు డార్క్‌రూములో ఎర్ర దీపం కింద ఏం చేసేవారు? అట్టముక్క అడ్డం పెట్టి ఒకచోట వెలుగు తగ్గించి, ఇంకోచోట ఎక్కువ పోసి మూలలు నల్లగా చెయ్యలేదా? అలా నల్లగా చేసిన మూలలో ఎన్ని బేసిన్లు మునిగిపోయాయో!

మాస్టారు: బర్నింగ్ వేరు. అక్కడ ఉన్నదాన్ని చీకటి చేస్తాం. లేనిదాన్ని తెచ్చి పెట్టం.

అమ్మడు: చూసేవాళ్ళకు కనబడనప్పుడు రెండూ ఒకటే కదా?

మాస్టారు: ఒకటి కాదు. చీకటి ఉన్నచోట ఏదో ఉందని చూసేవాడికి తెలుసు. అక్కడ మట్టినేల పెడితే, ఏమీ లేదని నువ్వు సాక్ష్యం చెప్పినట్టు.

అమ్మడు: ఇది బాగా చెప్పారు. కానీ ఎంత పెద్దవాళ్ళు చెయ్యలేదు? 1936లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ కాలిఫోర్నియాలో తీసిన వలస తల్లి ఫొటో ఉంది కదా. కుడివైపు కింద మూలలో గుడారం కర్రను పట్టుకున్న బొటనవేలు ఒకటి ఉండేది. తర్వాత ఆవిడే నెగెటివ్ మీద దాన్ని తీయించేసింది. జాగ్రత్తగా చూస్తే ఇప్పటికీ ఆ చోట నీడలా కనబడుతుంది. ఆ వేలు లేదని ఆ తల్లి మొహంలో దిగులు అబద్ధమైపోయిందా?

మాస్టారు: కాలేదు. కానీ ఆ వేలు కూడా ఉంటే ఏం పోయేది? ఆ కర్రను పట్టుకుని నిలబడ్డ చెయ్యి అది. నేనైతే ఉంచమనేవాణ్ణి.

అమ్మడు: ఇవాళ ఉంచమంటారు. మూడు వారాల కింద అయితే "మూలలో వేలు, కన్ను అక్కడికే పోతోంది" అని రాసేవారు.

మాస్టారు: (కాసేపు ఆగి) రాసేవాణ్ణి.

అమ్మడు: నొప్పించాలని అనలేదు మాస్టారూ.

మాస్టారు: లేదు, నిజమే. చెప్పు.

అమ్మడు: నేను చెప్పేది ఒక్కటే. వార్తాఫొటో అయితే మీతోపాటు నేనూ నిలబడతాను. 1982లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక వాళ్ళు ఈజిప్టు పిరమిడ్లను ముఖచిత్రంలో పట్టించడం కోసం ఫొటోలో దగ్గరకు జరిపారు, ఇప్పటికీ ఆ మాట పడుతూనే ఉన్నారు. 2016లో పేరున్న ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కరీ క్యూబా ఫొటో ఇటలీలో ప్రదర్శనకు పెడితే, స్తంభం ఒకటి సరిగ్గా అతకక, ఫొటో మార్చిన సంగతి బయటపడిపోయింది. వాళ్ళను జనం నమ్మారు, అందుకే అంత బాధపడ్డారు. మన కుర్రాణ్ణి ఎవరూ సాక్ష్యం అడగలేదు. మనం అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ బేసినులో ఏముందో మనలో ఒక్కరైనా వాణ్ణి అడిగామా? తీసెయ్యమన్నది మీరు. బాగుందన్నది మేము నలభైమంది. అక్కడికి వెళ్ళి, మంట పక్కన గంటసేపు కూర్చుని వచ్చినవాడు వాడు. వాడికి తెలుసు ఆ బేసిను ఏమిటో. అయినా మీరన్నారని చెరిపేశాడు.

మాస్టారు: అదే నన్ను తినేస్తోంది. వాడికి తెలుసు.

అమ్మడు: వాడికి మీ మాటంటే అంత గురి.

మాస్టారు: నాకు నేర్పినాయన రాజమండ్రిలో చిన్న స్టూడియో నడిపేవాడు. ప్రింటు పట్టుకెళ్తే ముందు తలకిందులుగా తిప్పేవాడు. తలకిందులైతే అది మనిషో పడవో మర్చిపోతాం, బరువు ఎటు ఉందో తెలుస్తుంది. పది నిమిషాలు చూసేవాడు. తర్వాత ఒక ప్రశ్న వేసేవాడు: "ఇక్కడ నిలబడ్డప్పుడు ఏం వినిపించింది?" తప్పు ఎప్పుడూ ముందు చెప్పలేదు. నెలకు రెండు ఫిల్ము రోల్స్ తీసేవాణ్ణి. డబ్బై రెండు ఫొటోల్లో ఆయన దాకా వెళ్ళేవి నాలుగు. ఇప్పుడు నాకు రోజుకు అరవై ఫొటోలు వస్తున్నాయి ఫోనులో. అరవైకీ ఏదో ఒకటి రాయాలన్న తొందర. ఆయన దగ్గర నేర్చుకున్నది మర్చిపోయి, గబగబా ఒక తప్పు పట్టుకుని రాసేస్తున్నాను.

అమ్మడు: ఒకటి చెప్పనా? ఎప్పుడూ చెప్పలేదు మీకు.

మాస్టారు: చెప్పు తల్లీ.

అమ్మడు: నేను గ్రూపులో పెట్టిన మొదటి ఫొటో గుర్తుందా? తణుకులో మా ఇంటి అరుగు మీద మా నాన్న.

మాస్టారు: పేపరు చదువుతూ. తెల్ల బనీను.

అమ్మడు: అదే. అందరూ సూపర్ అన్నారు. మీరు తొమ్మిది లైన్లు రాశారు. ఇంకా ఉంది నా దగ్గర. "నాన్నగారు నవ్వుతున్నారు. ఆ నవ్వు నీకోసమే. కానీ నువ్వు ఆయన మీద నుంచి వంగి తీశావు, అందుకే ఆయన తలెత్తి చూడాల్సి వచ్చింది, మెడ దగ్గర కష్టపడుతున్నారు. ఈసారి వెళ్ళినప్పుడు మెట్టు మీద కూర్చుని తియ్యి." అలా మొదలైంది. ఆ రాత్రి ఏడ్చాను. ఎవరండీ ఈయన, మా నాన్న ఫొటోలో తప్పులు వెతుకుతున్నాడు అని మా ఆయనతో గొడవపడ్డాను.

మాస్టారు: అయ్యో.

అమ్మడు: సంక్రాంతికి వెళ్ళినప్పుడు కింది మెట్టు మీద కూర్చున్నాను. నాన్న పేపరు మడిచి, "ఏంటే, అక్కడ కూర్చున్నావు" అన్నారు. అప్పుడు తీశాను. హాల్లో దండ వేసి ఉన్న ఫొటో అదే మాస్టారూ.

(కాసేపు మాటల్లేవు.)

మాస్టారు: నాకు చెప్పలేదు నువ్వు.

అమ్మడు: ఎలా చెప్పాలో తెలియలేదు.

మాస్టారు: ఎంత సైజు తీయించావు?

అమ్మడు: పన్నెండు పద్దెనిమిది. మ్యాట్ పేపరు. అద్దం మీద ట్యూబులైటు మెరుస్తుందని మీరు ఎప్పుడో అన్నారు, అందుకని అద్దం వేయించలేదు.

మాస్టారు: మంచిది. మంచి పని చేశావు.

అమ్మడు: ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీరు విమర్శ మానేస్తానంటే నేను ఊరుకోను. నిన్న గ్రూపులో ఎవరో నెల్లూరు నుంచి చేపల మార్కెట్ ఫొటో పెడితే మీరు దండం బొమ్మ పెట్టి వదిలేశారు. నాకు కోపం వచ్చింది.

మాస్టారు: భయమేసింది. మళ్ళీ ఏ బేసిను తీసెయ్యమంటానో అని.

అమ్మడు: తీసెయ్యమనకండి. అడగండి. "ఆ మూలలో ఏముంది?" అని అడిగితే ఆ రావులపాలెం కుర్రాడే పిండి కథంతా చెప్పేవాడు. మనమందరం నేర్చుకునేవాళ్ళం. పూతరేకులు తినడమే తప్ప గుడ్డ ఎందులో ముంచుతారో నాకు తెలియదు నిజంగా.

మాస్టారు: 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లలో పెట్టెలు, పొట్లాల ఫొటోలు వేశారు. ఆ చెయ్యి, ఆ బేసిను ఉన్న ఫొటో నేనైతే చూడలేదు. వాడు తెచ్చాడు.

అమ్మడు: మాస్టారూ, వానాకాలం.

మాస్టారు: ఆఁ, వానాకాలం. చెప్పు.

అమ్మడు: గబగబా చెప్పేస్తాను. ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని ఒక్కసారిగా బయటకు వెళ్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. బ్యాగు జిప్ తియ్యకుండా అరగంట అలాగే ఉంచండి, బయటి వేడికి అలవాటు పడుతుంది. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పట్టేసినట్టే. వేడిచేసి ఆరబెడితే మళ్ళీ పనికొస్తాయి.

మాస్టారు: బియ్యం డబ్బాలో పెట్టకండి. దుమ్ము పోయి లోపల కూర్చుంటుంది.

అమ్మడు: తేమను అదుపులో ఉంచే డ్రై బాక్సు కొనగలిగితే, అందులో తేమ నలభై, యాభై శాతం మధ్య ఉంచుకోండి. లేకపోతే గాలి చొరబడని వంటింటి డబ్బా చాలు. అన్నిటికంటే ముందు, వాడుతూ ఉండండి. బీరువాలో బంధించిన లెన్సుకే ఫంగస్ తొందరగా పడుతుంది.

మాస్టారు: మబ్బు వెలుతురు గురించి కూడా చెప్పాలి. మబ్బున్నప్పుడు మొహాల మీద నీడలు గట్టిగా పడవు, మెత్తగా ఉంటుంది. కొల్లేరు గట్టున ఆటపాకలో గూడబాతుల్ని అప్పుడు తీసి చూడండి, తెలుపులో ఈకలు విడివిడిగా వస్తాయి. ఎండలో అయితే సున్నం కొట్టిన గోడే. ఆ తేడా కూడా ప్రింటులోనే...

అమ్మడు: ప్రింటులోనే తెలుస్తుంది.

మాస్టారు: అవును. ఇదిగో అమ్మడూ, వాడి దగ్గర అసలు ఫైలు ఉంటుందంటావా? బేసినున్నది?

అమ్మడు: ఉంటుంది. ఫోనులో చెరిపినా కెమెరా కార్డులో ఉంటుంది, కార్డు తుడిచెయ్యకపోతే.

మాస్టారు: నువ్వు అడుగుతావా, నేను అడగనా?

అమ్మడు: మీరే అడగాలి.

మాస్టారు: నేనే అడుగుతాను. పెద్ద ఫైలే పంపమంటాను. రెండు ప్రింట్లు తీయిస్తాను, ఒకటి వాడికి, ఒకటి ఆ కుండ దగ్గర కూర్చున్న ఆవిడకి. తీసుకెళ్ళి ఇచ్చొస్తాను నేనే. రాజమండ్రి నుంచి ఎంతదూరం...

అమ్మడు: నేనూ వస్తాను. వచ్చే ఆదివారం ఖాళీయే.

మాస్టారు: ఆదివారం అయితే... ఉండు, జల్లు లోపలికి కొడుతోంది. కెమెరా బ్యాగు కిటికీ పక్కనే పెట్టాను.

అమ్మడు: ముందు అది తీయండి మాస్టారూ, పరుగెత్తండి.