ఇంట్లో వచ్చే నెట్ ఊళ్లో హాట్‌స్పాట్‌కి ఎందుకు రాదు?

నమస్కారం అండీ. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నేను పడ్డ ఇబ్బంది ఇది. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేశాను, లాప్‌టాప్ కనెక్ట్ అయింది, కానీ 'నో ఇంటర్నెట్' అంటోంది. ఫోన్‌లో మాత్రం వీడియోలు హాయిగా వస్తున్నాయి. తెల్లారితే ఆఫీసు మీటింగ్, ఒకటే టెన్షన్. ఫోన్ రీస్టార్ట్ చేశాను, సిగ్నల్ కోసం డాబా కూడా ఎక్కాను. తప్పు ఫోన్‌ది కానే కాదు.

ఇదిగో, స్క్రీన్ చూడండి. స్టార్ట్‌లో 'సీఎండీ' అని కొడితే వచ్చే నల్ల విండోలో 'ఐపీకాన్ఫిగ్' అని టైప్ చేసి ఎంటర్ నొక్కుతున్నాను. ఐపీవీ4 అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో మన లాప్‌టాప్‌ని గుర్తుపట్టే నంబర్, దాని ఎదురుగా 192.168.1.50 అని ఉంది కదా? అది మా ఇంటి రౌటర్‌కి సరిపోయే నంబర్. లాప్‌టాప్‌లో ఉన్న సినిమాలు టీవీలో చూసుకోవడానికి ఎప్పుడో నేనే పెట్టి మర్చిపోయాను. నా ఫోన్ ఇచ్చే నంబర్లేమో 192.168.43తో మొదలవుతాయి. లాప్‌టాప్ ఊరొచ్చాక కూడా ఇంటి రౌటర్ కోసమే వెతుకుతుంటే నెట్ ఎక్కణ్ణించి వస్తుంది చెప్పండి!

ఇప్పుడు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్' అని కొట్టండి. వైఫై మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 మీద డబుల్ క్లిక్. ఆగండి, ఏదీ మార్చకముందే ఇక్కడున్న నంబర్లన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇంటికెళ్లాక కావాలి. తీశారా? ఇప్పుడు పైన ఐపీ అడ్రస్‌కీ, కింద డీఎన్ఎస్‌కీ (సైట్ పేరు కొడితే దాని నంబర్ వెతికి ఇచ్చేది) రెండింటికీ 'ఆటోమేటిక్‌లీ' అన్న వరస ఎంచుకుని ఓకే. చాలామంది పైది మార్చి కిందది వదిలేస్తారు, రెండూ చూడండి.

ఇంటికొచ్చాక ఆ నంబర్లు మళ్లీ ఇక్కడే పెట్టకండి. ఇక్కడ పెడితే ఏ వైఫైకి కలిపినా అవే వర్తిస్తాయి. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మీ ఇంటి వైఫై పేరున్న ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'ఐపీ అసైన్‌మెంట్' పక్కన ఎడిట్ నొక్కి అక్కడ ఇవ్వండి. ఆ ఒక్క నెట్‌వర్క్‌కే పనిచేస్తాయి, హాట్‌స్పాట్ జోలికి రావు.

హాట్‌స్పాట్‌కి కలిసి ఉన్నప్పుడు దాని ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేయండి. విండోస్ అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. రోజుకు జీబీన్నర ప్యాక్ ఉన్నవాళ్లకి ఇది తప్పనిసరి. కేబుల్ ఉంటే యూఎస్‌బీ టెథరింగ్, అంటే ఫోన్ నెట్‌ని వైఫై బదులు కేబుల్‌తో లాప్‌టాప్‌కి ఇవ్వడం, ఇంకా మేలు, ఫోన్‌కి ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది.

బ్యాగు సర్దుకునే రోజే ఇంట్లో కూర్చుని ఒక్కసారి లాప్‌టాప్‌ని మీ ఫోన్‌కి కలిపి, ఏదైనా సైట్ తెరిచి చూడండి. తెరుచుకోకపోతే సరిచేసుకోవడానికి రౌటర్ పక్కనే ఉంటుంది.