ఊచ మీది అక్షరాలు చదివాకే డబ్బులివ్వండి

వ్యాఖ్యాత: ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక అన్నయ్య లైన్లో ఉన్నారు. చెప్పండన్నా.

శ్రోత: నమస్కారమమ్మా. శ్లాబుకి ఊచలు కొనాలి. ఇక్కడి రేటు కంటే ఆంధ్రా వైపు పాతపట్నంలో ఒకాయన తక్కువ చెప్తున్నాడు. ఐదొందల డి గ్రేడు, కంపెనీ సరుకే అని వాట్సాప్‌లో ఫ్యాక్టరీ టెస్ట్ సర్టిఫికెట్ ఫొటో కూడా పెట్టాడు. మా మేస్త్రీ ఏమో ఏదైనా ఒకటే అంటాడు. టెన్షన్‌గా ఉంది సార్, ఎవరి మాట నమ్మాలి?

ఇంజనీరు: ఎవరి మాటా వద్దు బాబూ, సరుకు మీద ఏముందో చూడండి. ఆ ఫొటోలో హీట్ నంబరు, అంటే ఏ విడతలో కరిగించిన ఉక్కో చెప్పే నంబరు, కనిపిస్తోందా?

శ్రోత: పై భాగం కత్తిరించేసి ఉంది సార్.

ఇంజనీరు: అయితే అది ఏ ఊచలదో ఎలా తెలుస్తుంది? సర్టిఫికెట్లో ఉన్న హీట్ నంబరు, మీ కట్టకున్న ట్యాగు మీది నంబరు ఒకటే కావాలి, లేకపోతే ఆ కాగితం ఇంకెవరి సరుకుదో అనుకోవాలి. ఊచల ప్రమాణం ఐఎస్ 1786. మామూలు ఐదొందల గ్రేడుకీ ఐదొందల డికీ సాగడం మొదలయ్యేదాకా తట్టుకునే కనీస బలం ఒకటే, కానీ తెగేలోపు సాగడం మొదటిదానికి కనీసం 12 శాతం, డికి 16 శాతం ఉండాలి. భూకంపం లాంటిది వచ్చినప్పుడు ఆ సాగే గుణమే ఇంటిని కాస్తుంది, అందుకే డి అని చెప్పి మామూలుది అంటగడితే నాకు ఒళ్లు మండుతుంది. కంపెనీ పేరు, గ్రేడు ఊచ పొడవునా ఉబ్బెత్తుగా ఉంటాయి, చేత్తో తడిమి చదవండి. ట్యాగు మీద ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది కదా, దాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ ఫ్యాక్టరీది, లైసెన్సు ఇంకా నడుస్తోందా అన్నీ వచ్చేస్తాయి. ఒడిశాలో కొన్నా ఆంధ్రాలో కొన్నా ఆ గుర్తు ఒకటే.

శ్రోత: తూకం సంగతి? ఆయన కిలోల లెక్కన కాదు, ఊచకింత అంటున్నాడు.

ఇంజనీరు: అక్కడే గమ్మత్తంతా. 12 ఎం.ఎం. ఊచ మీటరుకు 888 గ్రాములు తూగాలి, 12 మీటర్ల ఊచ అయితే దాదాపు 10.7 కిలోలు. కొంచెం అటూ ఇటూ ఫరవాలేదు గానీ, మీటరు ముక్క 800 గ్రాముల దగ్గరికి దిగిందంటే ఆ ఊచ సన్నం, చవకగా ఇచ్చింది ఇనుము తగ్గించే. మీ ఎదురుగా కాటా వేయించి కిలోల లెక్కనే కొనండి.

శ్రోత: సిమెంటుకీ ఇంతేనా సార్?

ఇంజనీరు: యాప్‌లో చూడటం అంతే. బస్తా మీద ఏ వారం, ఏ ఏడు ప్యాక్ చేశారో కూడా చూసి, మూడు నెలలు దాటింది వదిలేయండి, ఈ వానల్లో మరీను.

శ్రోత: అసలు సర్టిఫికెట్ ఇవ్వనంటే?

ఇంజనీరు: కొనకండి. కొన్నాక తేడా తేలితే, బిల్లులో కంపెనీ, గ్రేడు, తూకం రాయించుకుని ఉంటేనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు మీ చేతిలో ఆధారం ఉంటుంది. తెల్లకాగితం మీద చీటీ మాత్రం తీసుకోవద్దు.