గాదెలో కథలున్నంతవరకు

వ్యాఖ్యాత: కడప శ్రోతలకు నమస్కారం. టీవీ, ఓటీటీ గురించి మీ సందేహాలు తీర్చడానికి ఈ రోజు సీరియల్ రచయిత ఒకరు మనతో ఉన్నారు. తొలి ఫోను ప్రొద్దుటూరు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా అబ్బాయి పట్టుబట్టి ఓటీటీకి ఏడాది చందా కట్టించాడు. వాడు చూసే అమెరికా సిరీస్ తర్వాతి సీజన్ మాత్రం రాలేదు. 2023లో రచయితలు సమ్మె చేశారట, అందువల్లే అంటాడు. నిజమేనా, నన్ను మభ్యపెడుతున్నాడా?

రచయిత: సగం నిజమమ్మా. ఆ సమ్మె మే 2న మొదలై 148 రోజులు సాగింది. జూలైలో నటులూ దిగారు, వారిది నవంబరు దాకా నడిచింది. రాత్రిపూట వచ్చే హాస్య కార్యక్రమాలు వెంటనే ఆగిపోయాయి. ఆ రోజు వార్త మీద ఆ రోజే జోకు రాయాలి కదా, నిల్వ ఉండదు. సిరీస్ అలా కాదు. గాదెలో గింజలున్నంతవరకు ఇంట్లో పిల్లలకు కరువు తెలియదు. తీసిపెట్టిన భాగాలు వస్తూనే ఉన్నాయి; విత్తని పొలం సంగతి మరుసటి ఏడాది బయటపడింది. అయితే ఇప్పటికీ రాలేదంటే నేరమంతా సమ్మె మీదే వేయకండి.

శ్రోత: మరి చందా?

రచయిత: ఏడాదికి కట్టకండి. సీజన్ వచ్చిన నెలకే కట్టి, చూసేసి, ఆపేయండి. భాగాలెన్నో కూడా చూసుకోండి. 2007–08లో అక్కడి రచయితలు చేసిన సమ్మెలో ‘బ్రేకింగ్ బ్యాడ్’ అనే అమెరికా సిరీస్ మొదటి సీజన్ తొమ్మిదికి బదులు ఏడు భాగాలతోనే ముగిసింది.

వ్యాఖ్యాత: కడప నుంచి డిగ్రీ విద్యార్థి.

శ్రోత: సార్, నేను కథలు రాస్తాను. వాళ్లు కలం పక్కన పెట్టినప్పుడు మనలాంటివారు రాసి పంపితే అవకాశమే కదా?

రచయిత: ఆ పని చేయకు నాయనా. సమ్మె జరుగుతున్న సంస్థకు బయటివారు రాసిస్తే, గిల్డ్‌లో, అంటే అక్కడి రచయితల సంఘంలో, వారికి ఇక సభ్యత్వం ఇవ్వరు. 2023లో సమ్మె చేసిన 11,500 మంది రచయితలు ఏమడిగారో తెలుసా? టీవీలో పాత భాగం మళ్లీ వేస్తే రచయితకు కొంత వచ్చేది. ఓటీటీలో అప్పట్లో ఎంతమంది చూసినా ఆ లెక్క పెరిగేది కాదు. పైగా ఏఐ రాసిన ముసాయిదా చేతికిచ్చి, దిద్దుబాటు కూలి మాత్రం ఇస్తారేమోనన్న భయం. చివరికి ఏఐ వాడమని రచయితను బలవంతపెట్టరాదని ఒప్పందంలో రాయించుకున్నారు. నాకు కొంచెం అసూయే. మధ్యాహ్నం తీసే సన్నివేశానికి పొద్దున మాటలు రాసేవాణ్ణి. పునఃప్రసారానికి నాకు ఇంతవరకు రూపాయి రాలేదు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలో రచయితల రాయల్టీ ప్రస్తావన ఉంది. సంతకం పెట్టేముందు ఆ మాట అడుగు. నేను అడగలేదు.

వ్యాఖ్యాత: చివరి ఫోను, జమ్మలమడుగు నుంచి.

శ్రోత: తెలుగు సీరియళ్లవాళ్లు ఎప్పుడు సమ్మె చేస్తారు బాబూ? ఎనిమిదైతే రిమోటు మా ఆయన చేతిలోంచి రాదు.

రచయిత: అమ్మా, మీకు రిమోటు రావాలంటే మా ఇంట్లో పొయ్యి ఆగాలి.

శ్రోత: అయ్యో, వద్దులే నాయనా. ఆదివారం ఒక్క రోజు సెలవు తీసుకోండి, చాలు.