సీసీ కెమెరాలకు కోయాక్సియల్ బదులు నెట్‌వర్క్ కేబుల్: తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో తేలిన సంగతులు

నమస్కారం. అనంతపురం, తాడిపత్రి, గుత్తి ప్రాంతాల్లో సీసీ కెమెరాలు పెట్టించుకునేవారు ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. ఇన్నాళ్లూ వాడుతున్న త్రీ ప్లస్ వన్ కేబుల్ మానేసి, ఇంటర్నెట్‌కు వాడే క్యాట్ 6 కేబుల్‌తోనే కెమెరాలు నడిపించుకోవచ్చా అని. నడిపించుకోవచ్చు, సరిగ్గా బిగిస్తే బొమ్మ నాణ్యత కూడా తగ్గదు. అయితే అదే తీగలో కెమెరాకు కావలసిన 12 వోల్టుల కరెంటును కూడా పంపేద్దామనుకున్న చోట పని చెడుతోంది. చెడినప్పుడు నింద మాత్రం కెమెరాను ఈ తీగకు కలిపే బాలన్ అనే చిన్న వస్తువు మీదకో, కెమెరా కంపెనీ మీదకో పోతోంది. తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఈ పద్ధతిలో బిగించిన కెమెరాలను దగ్గరుండి పరిశీలించి ఈ రివ్యూ చేస్తున్నాను.

ముందుగా రెండు కేబుళ్లనూ పక్కపక్కన చూడండి. నా ఎడమ చేతిలో ఉన్నది త్రీ ప్లస్ వన్. ఇందులో బొమ్మను మోసే కోయాక్సియల్ తీగ ఒకటి, దాని పక్కనే కరెంటు వగైరా అవసరాలకు సన్నని తీగలు మూడు ఉంటాయి. కుడి చేతిలో ఉన్న క్యాట్ 6లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా, ప్రతి జతా దానికదే మెలివేసి ఉంటుంది. కోయాక్సియల్‌లో మధ్య రాగి తీగ చుట్టూ ఉన్న జాలీ బయటి విద్యుత్ గోలను అడ్డుకుంటుంది. నెట్‌వర్క్ కేబుల్‌లో అలాంటి జాలీ లేకపోయినా, మెలి తిరిగిన రెండు తీగల మీదా బయటి గోల దాదాపు సమానంగా పడుతుంది కనుక అవతలి చివర ఆ రెండింటి తేడాను మాత్రమే తీసుకున్నప్పుడు గోల దానంతట అదే రద్దవుతుంది. అంటే రక్షణ మొత్తం ఆ మెలికలోనే ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, మరి కాసేపట్లో దీనితో పని పడుతుంది.

బొమ్మ సంకేతానికి సంబంధించిన ఇంపెడెన్స్ అనే కొలతలో కోయాక్సియల్ 75 ఓముల తీగ, నెట్‌వర్క్ కేబుల్ 100 ఓముల తీగ. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే చిన్న వస్తువే బాలన్. కెమెరా దగ్గర ఒకటి, బొమ్మను రికార్డు చేసే డీవీఆర్ దగ్గర ఒకటి పెట్టాలి. ఒకవైపు కెమెరాకో డీవీఆర్‌కో తగిలించే బీఎన్‌సీ పిన్, మరోవైపు రెండు తీగలు బిగించుకునే చోటు ఉంటాయి. దానికి వేరే కరెంటు అవసరం లేదు. కొనేటప్పుడు అది హెచ్‌డీ కెమెరాల కోసం చేసినదేనా అని అడిగి తీసుకోండి. పాతకాలపు అనలాగ్ కెమెరాల కోసం తయారైన బాలన్లు దుకాణాల్లో ఇంకా దొరుకుతున్నాయి, వాటిని 1080పీ కెమెరాకో 5 మెగాపిక్సెల్ కెమెరాకో తగిలిస్తే రంగులు వెలసిపోతాయి, లేదా బొమ్మ అసలే రాదు. బాలన్ మీద ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. ఇవతల ప్లస్‌లో ఏ రంగు తీగ పెట్టారో అవతల కూడా ప్లస్‌లో అదే రంగు పెట్టాలి.

ఇప్పుడు తెర మీద దగ్గరగా చూపిస్తున్న ఈ కనెక్షన్ చూడండి. బిగించినవారు ప్లస్‌కు నారింజ తీగను, మైనస్‌కు ఆకుపచ్చ తీగను తగిలించారు. రెండూ రాగి తీగలే, రెండు చివరలా రంగులు సరిపోయాయి, బొమ్మ కూడా వస్తోంది. కానీ అవి రెండు వేర్వేరు జతల్లోని తీగలు. వాటి మధ్య మెలిక లేదు, మెలిక లేనప్పుడు రక్షణ లేదు. పక్కనున్న పాలిష్ యంత్రం మోటారు స్టార్టర్ పడగానే తెర మీద అడ్డంగా గీతలు ఎలా పరుగెడుతున్నాయో గమనించండి. ఆకుపచ్చ తీగను తీసేసి, నారింజకు జతగా ఉన్న తెలుపు నారింజ తీగను పెట్టగానే, అదే యంత్రం, అదే మోటారు, గీతలు మాయమయ్యాయి. బొమ్మకు ఎప్పుడూ ఒకే జతలోని రెండు తీగలే వాడాలన్న ఈ నియమాన్ని బాలన్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేస్తే ఎంతోమందికి మేలు జరిగేది.

తాడిపత్రి బండల ఫ్యాక్టరీల సంగతి తెలిసినవారికి నేను ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నానో అర్థమయ్యే ఉంటుంది. నాపరాయిని కోసి పాలిష్ పట్టేటప్పుడు నీళ్లు పారుతూనే ఉంటాయి. ఆ నీళ్లలో కలిసిన రాతి పిండి ప్రతి సందులోకీ చేరి, ఎండాక గట్టిపడిపోతుంది. బాలన్ స్క్రూలు బయటికి కనిపించేలా వేలాడదీస్తే, అక్కడ రాగి పచ్చబడిపోవడం ఖాయం. అందుకే కెమెరా కింద మూత గట్టిగా పడే జంక్షన్ బాక్సు పెట్టి, తీగ కింది వైపు నుంచి లోపలికి వెళ్లేలా చేయించాలి. త్రీ ఫేజ్ తీగలు పోయే పైపులోనే కెమెరా తీగను దూర్చకూడదు. తప్పనిసరిగా దాటవలసిన చోట అడ్డంగా దాటించాలి కానీ పక్కపక్కనే పొడుగునా లాగకూడదు.

ఇక అసలు సమస్యకు వద్దాం. ఆ ఫ్యాక్టరీ యజమాని చెప్పిన మాట ఇది: "పగలంతా బాగానే ఉంటాది సార్, చీకటి పడితే చాలు, ఆ చివరి కెమెరాలో బొమ్మ ఎగిరిపోతాది, మళ్లా వస్తాది, మళ్లా పోతాది." ఇంతకంటే స్పష్టమైన రోగ లక్షణం ఉండదు. ఆ కెమెరాకు క్యాట్ 5ఈ (క్యాట్ 6 కంటే ముందు తరం నెట్‌వర్క్ కేబుల్) కేబుల్‌లోనే ఒక జతలో బొమ్మ వస్తోంది, మరొక జతలో ఆఫీసు గదిలో కెమెరాలకు కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ పెట్టె నుంచి 12 వోల్టులు వెళుతున్నాయి. మిగిలిన రెండు జతలూ ఖాళీగా ఉన్నాయి. దూరం సుమారు 60 మీటర్లు.

లెక్క వేసి చూద్దాం. క్యాట్ 5ఈలోని తీగ 24 గేజ్ (తీగ మందం కొలత) రాగి, 100 మీటర్లకు దాని నిరోధం సుమారు 8.4 ఓములు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కనుక 60 మీటర్ల దూరానికి 120 మీటర్ల తీగ లెక్కలోకి వస్తుంది, అంటే దాదాపు 10 ఓములు. చీకటి పడి, రాత్రి బొమ్మ కోసం కెమెరాలోనే ఉండే ఐఆర్ లైట్లు వెలిగాక కెమెరా అర ఆంపియర్ తీసుకుంటుందనుకుంటే, దారిలోనే 5 వోల్టులు హరించుకుపోతాయి. 12 వోల్టులు పంపితే కెమెరాకు చేరేది 7. డ్రిప్ పైపు మొదట్లో ఉన్న చీనీ చెట్టుకు నీళ్లు ధారగా పడి, చివరి చెట్టుకు బొట్టు కూడా రాకపోవడం మన రైతులకు తెలిసిన సంగతే, ఇదీ అలాంటిదే. పగలు ఐఆర్ లైట్లు ఆరిపోయి ఉంటాయి కనుక కెమెరా తక్కువ కరెంటుతో సరిపెట్టుకుంటుంది. చీకటి పడగానే లైట్లు వెలుగుతాయి, వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఆగిపోతుంది. ఆగగానే భారం తగ్గి వోల్టేజీ మళ్లీ లేస్తుంది, కెమెరా మళ్లీ మొదలవుతుంది, మళ్లీ లైట్లు వెలుగుతాయి. తెల్లవారే దాకా ఇదే తంతు. బాలన్లు ఎన్ని మార్చినా ఇది తగ్గదు.

దీన్ని పట్టుకోవడానికి మల్టీమీటర్ ఒక్కటి చాలు. అయితే డీసీ పిన్‌ను కెమెరా నుంచి ఊడదీసి కొలిస్తే మీటరు నిండుగా 12 చూపిస్తుంది, ఎందుకంటే భారం లేని తీగలో వోల్టేజీ తగ్గదు. కెమెరా నడుస్తుండగా, అదీ లెన్సు పక్కనున్న వెలుతురు సెన్సర్‌ను చేత్తో మూసి ఐఆర్ లైట్లు వెలిగించి కొలవాలి.

ఈ లెక్కంతా తీగ నిజంగా రాగిదైతేనే. బజారులో చవకగా అమ్ముతున్న చాలా పెట్టెల్లో అల్యూమినియం తీగకు పైన రాగి పూత మాత్రమే ఉంటుంది, దాన్ని సీసీఏ అంటారు. దాని నిరోధం రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ, కాబట్టి పైన చెప్పిన 5 వోల్టుల నష్టం ఏడున్నర వోల్టుల దాకా పోతుంది. తీగను బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం. 305 మీటర్ల పెట్టెను చేత్తో ఎత్తి చూసినా బరువులో తేడా తెలిసిపోతుంది. న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. త్రీ ప్లస్ వన్‌లో ఉండే సన్నని కరెంటు తీగలు కూడా చవక రకాల్లో ఇలాంటివే, కనుక పాత పద్ధతిలో ఈ జబ్బు లేదని ఎవరూ అనుకోవద్దు.

ఖాళీగా ఉన్న జతలను కూడా కలిపి, మూడు జతలనూ కరెంటుకే వాడితే నష్టం 5 వోల్టుల నుంచి సుమారు 1.7కు దిగుతుంది. 60 మీటర్ల లోపు ఒక మామూలు కెమెరాకు ఇది సరిపోవచ్చు. అంతకంటే దూరమైతే నాకు నచ్చిన పద్ధతి, ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 వోల్టులు పంపి, కెమెరా దగ్గర జంక్షన్ బాక్సులో 12 వోల్టులకు దించే చిన్న కన్వర్టర్ పెట్టడం. ఆ ఫ్యాక్టరీలో చివరి కెమెరాకు ఇదే చేయించాము. ఆ తర్వాత రాత్రంతా రికార్డింగ్ ఎక్కడా తెగలేదు.

కొత్తగా కెమెరాలు కొనేవారికి మాత్రం ఈ తంటాలన్నీ పడమని నేను చెప్పను. వారు నేరుగా నెట్‌వర్క్ కేబుల్‌తోనే పనిచేసే ఐపీ కెమెరాలు, అదే కేబుల్‌లో కరెంటును కూడా పంపే పీఓఈ స్విచ్, ఆ కెమెరాల బొమ్మను రికార్డు చేసే ఎన్‌వీఆర్ తీసుకోవడమే మంచిది. పీఓఈలో 48 వోల్టుల దరిదాపుల్లో కరెంటు వెళుతుంది. పైన లెక్క వేసిన కెమెరా 6 వాట్లది. అదే 6 వాట్లు 48 వోల్టుల దగ్గర ఎనిమిదో వంతు ఆంపియర్‌తో సరిపోతాయి, పైగా రెండు జతల మీదుగా వెళతాయి కనుక 60 మీటర్లకు నష్టం ఒక వోల్టు కూడా ఉండదు. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్లు ఇవ్వగలదు, దారి నష్టం పోగా కెమెరాకు 12.95 వాట్లు అందుతాయి. తిరిగే కెమెరాల వంటి పెద్ద వాటికి 2009 నాటి 802.3ఏటీ ప్రమాణంలో 30 వాట్ల దాకా ఉంది. ప్రమాణం ప్రకారం చేసిన స్విచ్ అవతల ఉన్నది పీఓఈ పరికరమేనా అని ముందు పరీక్షించుకుని ఆ తర్వాతే కరెంటు వదులుతుంది. ఆ పరీక్ష లేకుండా నేరుగా వోల్టేజీ తోసే చవక పరికరాలు కూడా పీఓఈ పేరుతోనే అమ్ముడవుతున్నాయి, వాటితో జాగ్రత్త. స్విచ్‌ను ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. చాలా చిన్న స్విచ్‌లు 40 డిగ్రీల వేడి వరకే పనికివస్తాయని వాటి వివరాల్లోనే రాసి ఉంటుంది. మే నెలలో తాడిపత్రి రేకుల షెడ్డులో పైకప్పు కింద ఆ పెట్టెను వేలాడదీస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు.

కెమెరా కోసమని క్యాట్ 6ఏ వంటి ఖరీదైన కేబుల్ అంటగడితే వద్దనండి. 4 మెగాపిక్సెల్ కెమెరా పంపే సమాచారం సెకనుకు కొన్ని మెగాబిట్లే, దానికి అసలైన రాగితో చేసిన క్యాట్ 5ఈ ధారాళంగా సరిపోతుంది. ఆ డబ్బును ఎండకు పెళుసెక్కని, ఆరుబయట వాడే నల్లని పాలిథీన్ తొడుగున్న రకానికి పెట్టండి. ఇప్పటికే గోడల్లో మంచి కోయాక్సియల్ తీగ ఉండి, బొమ్మ బాగా వస్తున్నవారు దాన్ని పీకించవలసిన అవసరం ఏమాత్రం లేదు. కొత్త ఇల్లు కట్టుకుంటూ ప్లాస్టరింగ్‌కు ముందు తీగలు లాగిస్తున్నవారు మాత్రం, ప్రస్తుతానికి పాత డీవీఆరే వాడుకోదలచినా నెట్‌వర్క్ కేబులే వేయించండి. ఈరోజు దానికి బాలన్ తగిలించుకోవచ్చు, కెమెరాలు మార్చిన నాడు అదే తీగకు ఆర్‌జే 45 పిన్ క్రింప్ చేసి పీఓఈకి మారిపోవచ్చు. కోయాక్సియల్‌తో ఆ మార్పు ఇంత తేలిక కాదు.

చివరగా తోటల వారి కోసం. బోరు దగ్గర స్టార్టర్ పెట్టెకూ, రాగి తీగకూ కాపలాగా కెమెరా పెట్టాలనుకునే చీనీ రైతులు ఎక్కువగా అడిగేది దూరం గురించి. ఐపీ కెమెరాకు నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లు దాటకూడదు, దాటవలసి వస్తే మధ్యలో మరో స్విచ్ కావాలి. హెచ్‌డీ బాలన్‌తో డీవీఆర్‌కు కలిపే కెమెరా అంతకంటే దూరం పోతుంది కానీ కరెంటు మాత్రం బోరు దగ్గరే ఇవ్వడం మేలు. ఇంటి నుంచి బోరుకు దూరం మరీ ఎక్కువైతే, అందులోనూ పిడుగులు పడే బయలులో, రాగి తీగే వద్దు. ఆప్టికల్ ఫైబర్ లాగించి రెండు చివరలా ఫైబర్‌ను నెట్‌వర్క్ కేబుల్‌కు కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టించండి. గాజు పోగులో కరెంటు ప్రవహించదు కనుక పొలంలో పిడుగు పడినా ఆ తీగ వెంట వచ్చి ఇంట్లోని ఎన్‌వీఆర్‌ను కాల్చదు. మీ తీగ పొడవు, కెమెరా ఎన్ని వాట్లది, కేబుల్ ఏ గేజ్ అన్న మూడు వివరాలూ కింద రాస్తే, ఎన్ని వోల్టులు పంపాలో లెక్క వేసి చెబుతాను.