అట్టడుగు డివిజన్‌లో అసలు పోటీ

అందరికీ నమస్కారం.

యూరప్ ఫుట్‌బాల్ అనగానే మన నోట్లోకి ముందొచ్చే పేర్లు ఫ్రాన్స్, స్పెయిన్, జర్మనీ. ఇవాళ వాటి జోలికి వెళ్లను. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ, దేశాల జట్ల మధ్య నడిపే నేషన్స్ లీగ్‌లో ఎ, బి, సి, డి అని నాలుగు మెట్లుంటాయి. అందులో ఆఖరి మెట్టు, డి లీగ్ గురించి మాట్లాడతాను. దాన్ని చూసి నవ్వేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే, చిన్న దేశాల ఫుట్‌బాల్‌కి ఈ మధ్యకాలంలో జరిగిన పెద్ద మేలు అదే.

ఎందుకో తెలియాలంటే అంతకుముందు వాళ్ల బతుకు ఎలా ఉండేదో చూడాలి. శాన్ మారినోనే తీసుకోండి. చుట్టూ ఇటలీ, మధ్యలో 34 వేల జనాభా ఉన్న చిన్న దేశం. ప్రపంచ కప్, యూరో (యూరప్ దేశాల కప్) క్వాలిఫయర్లలో వాళ్లు ఆటలో అరటిపండు. 2006లో సొంతగడ్డ మీదే జర్మనీ చేతిలో 13-0తో ఓడారు. 1993లో ఇంగ్లండ్ మీద డేవిడ్ గ్వాల్తియేరి పది సెకన్లలోపే గోల్ కొట్టాడు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది, కానీ చివరికి స్కోరు 7-1. అలాంటి మ్యాచ్‌లకి దిగే జట్టు ఏం నేర్చుకుంటుంది? పదిమందీ వెనక్కి వెళ్లి గోల్ ముందు గోడ కట్టడం, బంతి దొరికితే దూరంగా తన్నేయడం. ఎన్ని గోల్స్ తక్కువ తింటే అంత పరువు. గెలవడానికి ఎలా ఆడాలన్న ప్రశ్నే వాళ్లకి ఎదురయ్యేది కాదు.

2018 సెప్టెంబర్‌లో నేషన్స్ లీగ్ మొదలయ్యాక ఆ ప్రశ్న ఎదురైంది. మొదటి సీజన్‌లో డి లీగ్‌లో 16 జట్లు, నాలుగు గ్రూపులు. ఆ నలుగురు విజేతల్లో ఒకరికి ప్లే ఆఫ్‌ల ద్వారా యూరో 2020 బెర్తు దక్కుతుంది. అప్పట్లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. బలమైన జట్లు బయట కూర్చుంటే అడుగు జట్టుకి టికెట్టా అని. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఏం జరిగిందో చూడండి. జార్జియా, బెలారస్, కొసావో, ఉత్తర మాసిడోనియా గ్రూపులు గెలిచాయి. 2020 నవంబర్ 12న తిబిలిసిలో జరిగిన ప్లే ఆఫ్ ఫైనల్లో 37 ఏళ్ల గోరాన్ పాండెవ్ కొట్టిన ఒక్క గోల్‌తో ఉత్తర మాసిడోనియా జార్జియాను ఓడించి, చరిత్రలో తొలిసారి ఒక పెద్ద టోర్నీకి వెళ్లింది. అక్కడ మూడు మ్యాచ్‌లూ ఓడింది, అది వేరే సంగతి. ఇంటి దగ్గరే ఓడిన జార్జియా ఏమైంది? ఈసారి సి లీగ్ దారిలో యూరో 2024కి చేరి, గెల్సెన్‌కిర్చెన్‌లో పోర్చుగల్‌ని 2-0తో ఓడించి నాకౌట్‌కి వెళ్లింది. అంతకు ఆరేళ్ల ముందు డి లీగ్‌లో ఉన్న జట్టు అది.

ఆ తర్వాత లీగుల సైజులు మార్చారు. డి లీగ్ ఏడు జట్లకి, రష్యాని సస్పెండ్ చేశాక 2024-25లో ఆరుకి కుదించుకుపోయింది. జార్జియా, కొసావో లాంటివి పైకి పోయాయి. మిగిలినవి నిజంగా చిన్నవి.

స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న చిన్న బ్రిటిష్ ప్రాంతం జిబ్రాల్టర్ కథ ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 2018 అక్టోబర్‌లో వాళ్లు యెరెవాన్‌లో ఆర్మేనియాతో ఆడారు. అప్పటి ఆర్సెనల్ స్టార్ మిఖితార్యన్ ఉన్న జట్టు అది. మ్యాచ్‌కి ముందు జిబ్రాల్టర్ గీతం బదులు పొరపాటున స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఉన్న బుల్లి దేశం లీకెన్‌స్టైన్ జాతీయ గీతం వేశారు! అంటే ఆతిథ్య దేశానికి వీళ్లు ఎవరో కూడా సరిగ్గా తెలియదన్నమాట. ఆ రోజు జోసెఫ్ చిపోలినా పెనాల్టీతో జిబ్రాల్టర్ 1-0తో గెలిచింది. ఫ్రెండ్లీలు పక్కన పెడితే, పోటీ మ్యాచ్‌లో వాళ్లకి అది మొదటి విజయం.

ఇక శాన్ మారినో. 2004 ఏప్రిల్‌లో ఒక ఫ్రెండ్లీలో లీకెన్‌స్టైన్‌ని ఓడించాక వాళ్లు 140 మ్యాచ్‌లు గెలుపన్నది లేకుండా ఆడారు. 2024 సెప్టెంబర్ 5న మళ్లీ అదే లీకెన్‌స్టైన్ ఎదురైంది, ఈసారి డి లీగ్‌లో. రెండో సగంలో వెనక నుంచి ఒక పొడవాటి బంతి వచ్చింది. డిఫెండర్, గోల్‌కీపర్ నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అన్నట్టు తడబడ్డారు. మధ్యలో 19 ఏళ్ల నికో సెన్సోలి దూరి బంతిని గోల్‌లోకి పంపాడు. 1-0. గతంలో వాళ్ల జట్టు గెలిచిన నాటికి ఈ కుర్రాడు పుట్టనేలేదు.

చాలామందికి గుర్తున్నది ఆ గోలే. నాకు మాత్రం నవంబర్‌లో జరిగినది ఇంకా పెద్ద విషయంగా కనిపిస్తుంది. పాయింట్ల పట్టిక ఒకసారి చూద్దాం. గ్రూపులో ఉన్నవి మూడే జట్లు: శాన్ మారినో, జిబ్రాల్టర్, లీకెన్‌స్టైన్. 15న సొంతగడ్డ మీద జిబ్రాల్టర్‌తో ఓడిపోతూ ఉండగా ఇంజురీ టైమ్‌లో నికోలా నన్నీ పెనాల్టీతో 1-1 చేశాడు. అది తప్పి ఉంటే కథ అక్కడితో ముగిసేది. అప్పటికి జిబ్రాల్టర్‌కి ఆరు పాయింట్లు, దాని మ్యాచ్‌లు అయిపోయాయి. శాన్ మారినోకి నాలుగు, మిగిలింది ఒక్క మ్యాచ్. 18న వాదుజ్‌లో లీకెన్‌స్టైన్ మీద గెలిస్తే గ్రూప్ టాప్, పై మెట్టుకి ప్రమోషన్; డ్రా అయితే ఐదు పాయింట్లతో ఇంటికే. అంటే గోల్ ముందు గోడ కట్టుకుని కూర్చుంటే సరిపోదు, ముందుకెళ్లి గోల్ కొట్టి తీరాలి. తరాల తరబడి అలవాటైన ఆటని ఒక్క రాత్రికి తిరగేయాలి. ఆ టెన్షన్ వాళ్లకి కొత్త.

మొదటి సగం ముగిసేసరికి 0-1, వెనకబడ్డారు. వాళ్ల పాత చరిత్ర తెలిసినవాళ్లు టీవీ కట్టేసే ఉంటారు. విరామం అయిన వెంటనే లాజ్జారి స్కోరు సమం చేశాడు, తర్వాత నన్నీ పెనాల్టీ, ఆపైన గోలినుచ్చి మూడోది. 3-1. ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టడం, బయటి గడ్డ మీద గెలవడం, రెండూ ఆ దేశానికి మొదటిసారే. ఏడు పాయింట్లతో సి లీగ్‌కి ప్రమోషన్. ర్యాంకింగ్‌లో అప్పటికి ప్రపంచంలో ఆఖరిది, 210వ స్థానంలో ఉన్న జట్టు!

ఎదురుగా ఉన్నది లీకెన్‌స్టైనే కదా, అందులో గొప్పేముంది అనొచ్చు. నిజమే, సమ ఉజ్జీ. సమ ఉజ్జీతో ఆడే అవకాశం దొరకడమే ఇక్కడ విషయం. పెద్ద దేశాల కుర్రాళ్లకి అది ప్రతి వారం దొరుకుతుంది, వీళ్లకి దొరకడానికి 2018 దాకా ఆగాల్సొచ్చింది.

డి లీగ్ ఏర్పాటు బాగుందని మాత్రం నేననను. మూడేసి జట్ల గ్రూపులు, జట్టుకి నాలుగే మ్యాచ్‌లు. ప్రతి రౌండ్‌లో గ్రూపుకి ఒక జట్టు ఊరికే కూర్చోవాలి, లేదా ఫ్రెండ్లీ వెతుక్కోవాలి. 2024 గ్రూపులో ఆ ఖాళీ ఆఖరి రోజున జిబ్రాల్టర్ వంతుకి వచ్చింది. టేబుల్ టాప్‌లో ఉన్న జట్టు తన తలరాతని వేరేవాళ్ల మ్యాచ్‌లో చూసుకోవాల్సొచ్చింది. ఇది అన్యాయం. ఆరు జట్లనీ ఒకే గ్రూపులో వేసి, ఒక్కొక్కరితో ఒక్కోసారి ఆడిస్తే జట్టుకి ఐదు మ్యాచ్‌లవుతాయి. కొందరికి సొంతగడ్డ మీద మూడు, కొందరికి రెండే వస్తాయి, ఆ లోటు ఒప్పుకోవాల్సిందే. కానీ ఆఖరి రోజు ఆరు జట్లూ మైదానంలోనే ఉంటాయి. పైన మూడు లీగుల్లో జట్లకి ఇప్పటికే ఉన్న వసతి అది.