బండి కదలడం లేదు, పొగ మాత్రం వస్తోంది

(దృశ్యం: హైదరాబాద్ హబ్సిగూడలో ఒక గల్లీ, మధ్యాహ్నం మూడుంబావు. స్కూలు గేటు ముందు కార్లు, ఆటోలు, వ్యాన్లు.)

గేటు తెరవడానికి ఇంకా పావుగంట ఉంది. ఒక్క బండీ కదలడం లేదు. కానీ చప్పుడు వినండి, సగానికి పైగా స్టార్టింగ్‌లోనే ఉన్నాయి.

మొన్నమొన్నటి దాకా నేనూ ఇదే లైన్లో ఏసీ వేసుకుని, ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాణ్ని. ఒకరోజు డిక్కీలోంచి గొడుగు తీద్దామని దిగి వెనక్కి వెళ్లాను. నా సైలెన్సర్‌కు రెండడుగుల దూరంలో యూకేజీ పాప ఒకతి నిలబడి ఉంది, వ్యాన్ కోసం చూస్తూ. పొగ నేరుగా ఆ పిల్ల మీదికే వెళ్తోంది. పావుగంట నుంచీ.

(దృశ్యం: సైలెన్సర్, దాని పక్కన స్కూలు బ్యాగుతో ఒక పిల్ల బొమ్మ.)

పొగ వచ్చే చోటికి మన ముఖం కంటే పిల్లల ముఖమే దగ్గర. పైగా వాళ్లు మనకన్నా వేగంగా ఊపిరి తీసుకుంటారు, వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, పీఎం 2.5 అనే సన్నటి కణాలు ఉంటాయి. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని కణాలవి. ముక్కు ఆపలేదు, ఊపిరితిత్తుల లోతు దాకా పోతాయి. ఆస్తమా ఉన్న పిల్లలకు ఇది నరకం. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది.

(దృశ్యం: ఇరానీ చాయ్ కప్పులో పెట్రోల్ పోస్తున్నట్టు బొమ్మ.)

ఇక జేబు సంగతి. చిన్న పెట్రోల్ కారు నిలబడే గంటకు అర లీటరు దాకా తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. అర లీటరే అనుకుందాం. రోజుకు పావుగంట అంటే ఒక చాయ్ కప్పుకు కాస్త పైనే. ఏడాదికి 200 స్కూలు రోజులు వేసుకుంటే 25 లీటర్లు. రెండున్నర వేల రూపాయలకు పైమాటే. గాల్లోకి పోయే కార్బన్ డయాక్సైడ్ 57 కిలోలు. ఒక్క కారుకు!

"మాటిమాటికీ సెల్ఫ్ కొడితే పెట్రోల్ ఎక్కువ తాగదా?" అని మా బావ అడిగాడు. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే పాతకాలపు కార్బురేటర్ రోజుల నుంచి వచ్చిన మాట అది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను కొలిచి చిమ్మే పద్ధతి) కార్లలో పది సెకన్లు దాటి స్టార్టింగ్‌లో ఉంచితేనే, మళ్లీ స్టార్ట్ చేయడానికి అయ్యే దానికన్నా ఎక్కువ ఖర్చవుతుంది. పొద్దున్నే ఐదు నిమిషాలు వేడెక్కించడమూ అక్కర్లేదు. స్టార్ట్ చేసి నెమ్మదిగా బయల్దేరితే దారిలోనే వేడెక్కుతుంది.

సిగ్నల్స్ దగ్గర? పంజాగుట్టలోనో, మెహిదీపట్నంలోనో టైమర్ 90 చూపిస్తుంటే ఆఫ్ చేయండి, పది సెకన్లు ఉన్నప్పుడు స్టార్ట్ చేయండి. పదిహేను, ఇరవై సెకన్లే మిగిలితే వదిలేయండి, ఆ టెన్షన్ ఎందుకు? బండి పూర్తిగా ఆగాకే ఆఫ్ చేయాలి. కదులుతుండగా ఆపితే స్టీరింగ్, బ్రేకు బిగుసుకుంటాయి.

(దృశ్యం: అపార్ట్‌మెంట్ సెల్లార్. కార్ల మధ్య చిన్న గది, తీగ మీద ఆరేసిన బట్టలు.)

నన్ను ఎక్కువగా బాధపెట్టేది సిగ్నల్ కాదు, ఇది. మన ఊళ్లో చాలా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం ఉండేది సెల్లార్‌లోనే. వంట, పిల్లల హోంవర్కు అన్నీ అక్కడే. గాలి ఆడని చోట కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, తల తిరగడం, ఎక్కువైతే ప్రాణమే పోతుంది. లిఫ్ట్ దగ్గర ఇంట్లోవాళ్ల కోసం ఎదురుచూస్తున్నంతసేపూ దయచేసి బండి ఆఫ్‌లో ఉంచండి. ఎండాకాలం ఉక్కగా ఉంటే కారు బయటకు తీసి చెట్టు నీడన ఆపుకోండి.

క్యాబ్ బుక్ చేసి ఇంకా చెప్పులు వేసుకుంటున్నారా? డ్రైవర్‌కు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: "అన్నా, ఐదు నిమిషాలు పడుతుంది, బండి ఆఫ్ చేసుకోండి."