ఆడిట్ ఇంటర్న్ చేతికి వచ్చే పని
(చెన్నైలో సీఏ, బీకాం చదువుతున్న తెలుగు విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ చదువుతున్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. 2023 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త పథకంతో ఆర్టికల్‌షిప్, అంటే సీఏ కావడానికి ఆడిటర్ దగ్గర చేయాల్సిన శిక్షణ, మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. మొదటి సీజన్ పక్కన కూర్చుని చూద్దాంలే అనుకునే తీరిక ఇక లేదు. అందుకని, పెద్ద ఆడిట్ సంస్థలో చేరిన కొత్తవాళ్లకు ఏ పని పడుతుందో, అది ఎక్కడ చెడుతుందో సూటిగా చెప్తాను.

మొదటి వారమంతా ల్యాప్‌టాప్, ఆన్‌లైన్ శిక్షణ, సంతకాలు. అందులో ఒక్క ప్రకటన మాత్రం ఆగి చదవండి. సంస్థ ఆడిట్ చేసే కంపెనీల్లో మీకు షేర్లు ఉన్నాయా అని అడుగుతారు. మీ డీమ్యాట్ ఖాతాను నాన్నగారు నడుపుతున్నా సరే, షేర్లు మీ పేరునే ఉన్నాయి. ఆయనకు ఫోన్ చేసి కనుక్కున్నాకే సంతకం పెట్టండి.

ఇక అసలు పని. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 దగ్గరపడగానే కంపెనీ గోడౌన్‌లో స్టాక్ లెక్కింపుకు పంపుతారు. శ్రీపెరుంబుదూర్ కావచ్చు, ఒరగడం కావచ్చు. సరుకు లెక్కపెట్టేది కంపెనీవాళ్లు. వాళ్లు సరిగా లెక్కపెడుతున్నారా అని గమనించి, కొన్నింటిని తిరిగి లెక్కించడం మీ పని. గోడౌన్‌లో అడుగుపెట్టగానే చివరి సరుకు రసీదు నంబరు, చివరి డిస్పాచ్ నంబరు రాసుకోండి. మార్చిలో వెళ్లిన సరుకును ఏప్రిల్ అమ్మకంగా చూపినా, ఏప్రిల్ అమ్మకాన్ని మార్చిలోకి లాగినా, తర్వాత పట్టించేది ఆ రెండు నంబర్లే.

లెక్క రెండు వైపుల నుంచీ చూడాలి. జాబితాలో కొన్ని ఐటమ్‌లు ఎంచుకుని ర్యాక్ దగ్గరికి వెళ్లి చూస్తే, పుస్తకాల్లో ఉన్న సరుకు నిజంగా ఉందో లేదో తెలుస్తుంది. ర్యాక్ మీద కొన్ని ఎంచుకుని జాబితాలో వెతికితే, ఉన్న సరుకంతా పుస్తకాల్లోకి ఎక్కిందో లేదో తెలుస్తుంది. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు.

చెడేది ఎక్కడంటే, మూసిన పెట్టెలను పైనుంచి చూసి గుణకారం వేసేస్తారు. మధ్య వరస ఖాళీగా ఉండొచ్చు, కొన్ని తెరిపించండి. పుస్తకాల్లో కిలోలు, షీటులో రోల్స్ ఉంటాయి, కొలమానం రాయకపోతే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. జాబ్‌వర్క్ కోసం, అంటే కూలికి పని చేసి తిరిగి ఇవ్వడానికి, వచ్చిన వేరేవాళ్ల సరుకు కూడా అక్కడే ఉంటుంది, అది విడిగా పెట్టారా అని అడగండి. ఇంకొకటి, ఇక్కడ అంకెలు తమిళంలో పిలుస్తారు. తొణ్ణూరు అంటే తొంభై. గోలలో మన చెవికి తొమ్మిది నూర్లలా వినబడుతుంది. అంకెను షీటు మీద రాయించుకుని చూడండి.

లెక్కింపు మార్చి 31న కాకుండా ఏప్రిల్ 4 సాయంత్రం జరిగిందనుకుందాం. గోడౌన్‌లో 1,240 పీసులు ఉన్నాయి. ఈ నాలుగు రోజుల్లో 300 వచ్చాయి, 410 వెళ్లాయి. వచ్చినవి తీసేసి, వెళ్లినవి కలిపితే మార్చి 31 నాటికి ఉండాల్సింది 1,350. పుస్తకాలు 1,500 అంటే తేడా 150, సరిగ్గా 10 శాతం. ఇది చిన్న విషయం కాదు. ఒక తరగతి సరుకు మొత్తం మీద తేడా 10 శాతం లేదా అంతకన్నా ఎక్కువైతే, కేరో 2020 (కంపెనీల ఆడిట్ నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే ప్రభుత్వ ఉత్తర్వు) ప్రకారం ఆడిట్ నివేదికలో దాని ప్రస్తావన రావాలి. కాబట్టి ఆ తేడాను మీ అంతట మీరు సర్దుబాటు చేయకండి. ఉన్నది ఉన్నట్టు సీనియర్‌కు చూపించండి.

బ్యాంకు ధ్రువీకరణ, అంటే కంపెనీ ఖాతాల్లో ఎంత ఉందో బ్యాంకునే లేఖ రాసి అడగడం, గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తెలుగువాళ్లకు ఇది దూరపు విషయం కాదు. 2009 జనవరి 7న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం ఛైర్మన్ లేఖ బయటికి వచ్చినప్పుడు, పుస్తకాల్లో ఉండి నిజంగా లేవని అందులో ఒప్పుకున్న నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్ల రూపాయలు. ధ్రువీకరణ ప్రక్రియను ఆడిటర్లు తమ అదుపులో ఉంచుకోలేదని అమెరికా నియంత్రణ సంస్థ 2011లో తేల్చింది. బ్యాంకుకు వెళ్లే ధ్రువీకరణ లేఖ మీద సంతకం కంపెనీది. కానీ పంపేది మనం, జవాబు రావాల్సింది నేరుగా మనకు. "తమ్ముడూ, నీకెందుకు శ్రమ, బ్యాంకుకు మా అబ్బాయి వెళ్తున్నాడు, తెచ్చేస్తాడు" అని అకౌంటెంట్ గారు ప్రేమగానే అంటారు. వద్దండీ అని చెప్పండి. బ్యాంకు చిరునామా కంపెనీ ఇచ్చినది కాకుండా బ్యాంకు వెబ్‌సైట్‌లో మీరే చూడండి. ఈమెయిల్ వస్తే ఏ డొమైన్ నుంచి వచ్చిందో చూడండి. నిల్వ సున్నా ఉన్న ఖాతాలకూ, ఏడాది మధ్యలో మూసేసిన ఖాతాలకూ లేఖ పంపండి. డిపాజిట్ ఉందన్నది ఒక్కటే చాలదు, అది ఏ అప్పుకైనా తాకట్టులో ఉందా అన్నది కూడా జవాబులో ఉండాలి.

వోచింగ్‌లో, అంటే పుస్తకాల్లోని పద్దులను వాటి కాగితాలతో సరిచూడటంలో, ఎక్కువగా జరిగే తప్పు ఒకటి ఉంది. 25 ఇన్‌వాయిస్‌లు శాంపిల్‌గా తీశారు, ఒకదానికి డెలివరీ చలానా దొరకలేదు. దాని బదులు ఇంకో ఇన్‌వాయిస్ తీసుకుని 25 పూర్తి చేసేస్తారు. దొరకనిదే కదా చెప్పాల్సింది! లారీ రసీదో, ఈ-వే బిల్లో, సరుకు వెళ్లినట్టు సాక్ష్యం ఇచ్చే మరో కాగితం ఉందేమో అడగండి. అదీ లేకపోతే దాన్ని లోపంగానే నమోదు చేయాలని శాంపిల్ పరిశీలనకు సంబంధించిన ఆడిట్ ప్రమాణం ఎస్ఏ 530 చెబుతుంది.

చేసిన పనిని నమోదు చేసే వర్కింగ్ పేపర్‌లో, ఆ పని ఎందుకు చేశారో, కాగితాలు ఎవరి నుంచి వచ్చాయో, ఏం చూశారో, ఏం తేలిందో ఉండాలి. "వెరిఫైడ్" అన్న ఒక్క మాట పనికిరాదు. ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, మొత్తం రాయండి. ఈ ఆడిట్‌తో సంబంధం లేని మరో ఆడిటర్ మీ ఫైలు తెరిచి, మిమ్మల్ని అడగకుండానే అర్థం చేసుకోగలగాలి. ఎక్సెల్‌లో మొదట మొత్తాన్ని ట్రయల్ బ్యాలెన్స్‌తో (అన్ని ఖాతాల నిల్వల పట్టీతో) సరిపోల్చి చూడండి. దాచిన వరసలు, టెక్స్ట్‌గా పడిన అంకెలు ఉంటే ఎంత కష్టపడ్డా మొత్తం తప్పే వస్తుంది.

సమయం చాలక పది ఇన్‌వాయిస్‌లు చూడలేకపోతే ఆ రోజే సీనియర్‌కు చెప్పండి. చూడనిదాన్ని చూసినట్టు ఎప్పుడూ టిక్ పెట్టవద్దు. గడువు ఎంత దగ్గరపడినా, ఎవరు తొందరపెట్టినా సరే. ఆడిట్ నివేదిక తేదీ నుంచి 60 రోజుల్లోపు ఫైలు ముగించాలి. ఆ తర్వాత అందులోని కాగితం దేన్నీ తీసేయడానికి వీల్లేదు. మీరు వేరే క్లయింట్‌కు మారే ముందు, సీనియర్లు అడిగి ఇంకా జవాబు రాని రివ్యూ ప్రశ్నలు, రావాల్సిన ధ్రువీకరణలు, అడిగిన తేదీలు ఒక పేజీలో రాసి తర్వాత వచ్చేవాళ్లకు ఇవ్వండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.